ఖాళీ స్లైడు మీద ఎర్ర పుల్లలు

పోయిన నెల మా తోడికోడలికి దగ్గు పట్టుకుని మూడు వారాలైనా తగ్గకపోతే, నేనే వెంటబెట్టుకుని సూర్యాపేట పెద్ద దవాఖానకు తీసుకుపోయాను. కళ్లె పరీక్ష చేసే గదిలో ఒక అమ్మాయి, నా మనవరాలి ఈడుది, ముఖానికి గట్టి మాస్కు కట్టుకుని, డబ్బీలోని కళ్లెలో ఏదో మందు కలిపి, కాసేపు ఆగి, దాన్ని పిడికెడంత ప్లాస్టిక్ డబ్బాలోకి పోసి, యంత్రంలో పెట్టి తలుపు వేసేసింది. రెండు గంటల్లో ఫలితం వచ్చేస్తుందని చెప్పింది. అంతే. మంట లేదు, పొగ లేదు, చేతులకు ఎర్ర మరక లేదు. నోరు ఊరుకోక, నేను కూడా ఈ పనే చేసి రిటైరైనదాన్నని చెప్పాను. ఆ పిల్ల కళ్లు పెద్దవి చేసి, "అమ్మో, చేత్తో రంగేసి కంటితోని చూసేటోళ్లా? అప్పుడు తప్పులు మస్తు వచ్చేవంట కదా అమ్మమ్మా" అంది. పాపం, ఎత్తిపొడవాలని అన్న మాట కాదు, తెలుసుకుందామని అన్నదే.

మా తోడికోడలికి ఏమీ లేదని తేలింది. ఇంటికొచ్చి, అన్నం తిని, ఆమె హాయిగా నిద్రపోయింది. నాకే ఆ మాట లోపల మెదులుతూ ఉండిపోయింది. అవును తల్లీ, తప్పులు వచ్చేవి. మీ అందరికంటే ముందు, ఈ చుట్టుపక్కల అందరికంటే పెద్ద తప్పు చేసిన మనిషిని నేనే. ఆ సంగతి ఇన్నేళ్లుగా మా ఇంట్లో వాళ్లకు తప్ప ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను, అదీ తల దించుకుని మాత్రం కాదు.

మా నాన్న చివ్వెంల దగ్గరి ఒక పల్లెలో పెద్ద రైతు ఇంట జీతం ఉండేవాడు. చర్చి హాస్టల్లో పెట్టి చదివించారు కాబట్టి నేను పదోతరగతి దాటాను, ఆ తర్వాత ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు దాటాను. మొదటి ఉద్యోగం మిర్యాలగూడలో. రైస్ మిల్లుల ఊక పొగ, ఉడికిన వడ్ల వాసన ఊరంతా పరుచుకుని ఉండే ఆ రోజుల్లో, దవాఖాన వెనక వైపు ఒక ఇరుకు గదిలో నాకు పని నేర్పిన సీనియర్ టెక్నీషియన్‌ను మేమంతా పెద్దసారు అనేవాళ్లం. మాట తక్కువ, చూపు ఎక్కువ ఉన్న మనిషి. కళ్లెను గాజు స్లైడు మీద బొట్టుబిళ్లంత పలుచగా పూయడం, మంట మీదుగా పోనిచ్చి ఆరబెట్టడం, దానిమీద ఎర్రమందు పోసి కిందనుంచి స్పిరిటు దీపంతో వేడి చేయడం, ఆవిరి లేవాలి గానీ మసలకూడదని చెప్పి చేయి పట్టి వెనక్కి లాగడం, ఇవన్నీ ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఆ తర్వాత నీళ్లతో కడిగి యాసిడ్ పోస్తే మామూలు క్రిములన్నీ ఎరుపును వదిలేస్తాయి, క్షయ క్రిమి మాత్రం ఒంటి మీద మైనం పూత ఉండటంతో వదలదు. చివరికి నీలిరంగు వేసి, మళ్లీ కడిగి, నూనె చుక్క వేసి లెన్సు కింద చూస్తే, నీలి నేల మీద సన్నటి ఎర్ర పుల్లలు. మొదటిసారి చూసినప్పుడు ఎంత అందంగా ఉన్నాయో అనుకుని, వెంటనే అవి ఎవరి ఊపిరితిత్తుల్లోంచి వచ్చాయో గుర్తొచ్చి సిగ్గుపడ్డాను.

పెద్దసారు ఒక మాట తరచుగా చెప్పేవాడు. ఎరుపు వదలని ప్రతి పుల్లా టీబీ కాదు, దాని దాయాదులు కూడా ఉంటాయి, అవి మట్టిలో నీళ్లలో బతుకుతాయి, మనిషి జోలికి రావు, కానీ లెన్సు కింద అచ్చం దానిలాగే కనిపిస్తాయి అని. అప్పట్లో నేను ఆ మాటను పరీక్షకు రాసే పాఠం లాగానే విన్నాను.

కొన్నేళ్లకు కోదాడకు బదిలీ అయింది. మా ఆయన సూర్యాపేట బస్సు డిపోలో మెకానిక్ కాబట్టి కాపురం సూర్యాపేటలోనే పెట్టుకుని, నేను రోజూ మునగాల మీదుగా బస్సులో పోయి వచ్చేదాన్ని. కోదాడలో ఇల్లు అద్దెకు దొరకలేదన్నది ఇంకో కారణం. దొరికిన ఒక్క గదినీ, నా పని ఏమిటో తెలిసిన వారం రోజులకే ఇంటావిడ ఖాళీ చేయించింది. "మీరు మంచివాళ్లేనండీ, మీ చేతులే మాకు భయం" అంది. బస్సులో కూడా నా చీర కొంగుకు అంటుకున్న ఫినాయిలు వాసనకు పక్కవాళ్లు జరిగి కూర్చునేవాళ్లు. మీలో నర్సులుగా, ఆయాలుగా పనిచేసిన వాళ్లకు ఈ జరగడం ఎట్లా ఉంటుందో నేను చెప్పనక్కర్లేదు. మొదట్లో ఏడ్చాను. తర్వాత, జరిగితే నాకు చోటు ఎక్కువ దొరుకుతుంది కదా అని కాళ్లు చాపుకుని కూర్చోవడం అలవాటు చేసుకున్నాను.

కోదాడ కేంద్రంలో నేనూ, నాకు సాయంగా ఒక ఆయమ్మా ఉండేవాళ్లం. ఆమె కోస్తా వైపు నుంచి పెళ్లై వచ్చిన మనిషి, గట్టి గొంతు, గట్టి గుండె. ఒక ఎండాకాలం దవాఖాన బోరు మోటారు కాలిపోయింది. బాగుచేయించడానికి వారాలు పట్టింది. మాకు పంపే శుద్ధి చేసిన నీళ్లు కూడా అదే సమయంలో రావడం ఆగిపోయింది. వెనక వైపున్న పాత సిమెంటు తొట్టిలో ట్యాంకరుతో నీళ్లు నింపించి, అందులోంచి ఒక రబ్బరు గొట్టం మా సింకుకు లాగారు. స్లైడు కడిగే నీళ్లు అవే, మందు కలిపే నీళ్లు అవే. చూడటానికి తేటగా ఉండేవి. నేను కూడా వాడాను. వాడొద్దని నాకెవరూ చెప్పలేదు గానీ, చెప్పాల్సిన చదువు నాకు ముందే ఉంది. కాబట్టి ఆ నెపం ఎవరిమీదా పెట్టను.

రెండు నెలల్లో పాజిటివ్‌లు పెరిగాయి. అంతకుముందు నెలకు ఇద్దరో ముగ్గురో దొరికే చోట పదకొండుమంది దొరికారు. మా అధికారికి సంతోషం. ఆయన పేరు, ఊరు చెప్పను, చెప్పాల్సిన అవసరం లేదు. చెడ్డవాడు కాదు, పైవాళ్ల మెప్పు కోసం పరుగెత్తే మనిషి. మీటింగులో నన్ను లేపి నిలబెట్టి, ఈమె కన్ను డేగ కన్ను అని మెచ్చుకున్నాడు. ఆ రోజు బస్సులో నేను కిటికీ పక్కన కూర్చుని, మా నాన్న బతికుంటే బాగుండేది అనుకున్నాను.

ఆ పదకొండుమందిలో మునగాల దాటాక రోడ్డుకు లోపలి పల్లెలో మెట్టినిల్లు ఉన్న ఒక పిల్ల ఉంది. ఇరవై రెండు ఇరవై మూడేళ్లుంటాయి. మిరప కల్లాల్లో కాయ ఏరే పనికి పోయి దగ్గు తెచ్చుకుంది. మూడు కళ్లెలు తీసుకుని చూస్తే రెండింట్లో ఎర్ర పుల్లలు కనిపించాయి, కొద్దిగానే. పాజిటివ్ అని రాసి సంతకం పెట్టాను. మాత్రలు మొదలుపెట్టారు. నెల తిరగకముందే ఆ పిల్ల మా ల్యాబు కిటికీ దగ్గరికొచ్చి నిలబడింది. అత్త తన చాప, పళ్లెం, గ్లాసు మూటగట్టి చేతికిచ్చి, చివ్వెంల అవతలి పుట్టింటికి పంపేసిందట. నాలుగేళ్ల ఆడపిల్లను మాత్రం తమ దగ్గరే ఉంచుకున్నారట. భర్త బస్సు దాకా వచ్చి టికెట్ తీసిచ్చి వెనక్కి పోయాడట. బిడ్డను చూడొచ్చా, ఎంత దూరంనుంచి చూస్తే అంటుకోదు అని అడగడానికి వచ్చింది. నేను మాత్రలు సరిగా మింగు, అంతా బాగవుతుంది అని చెప్పి పంపాను. మాట చెప్పడం ఎంత సులువో.

ఆ పిల్ల పోయాక ఎందుకో ఆమె స్లైడును పెట్టెలోంచి తీసి మళ్లీ లెన్సు కింద పెట్టాను. పుల్లలున్నాయి. కానీ తేరిపార చూస్తే ఒక సంగతి తేడాగా తోచింది. కళ్లెలోని కణాలు కంటికి స్పష్టంగా ఉన్నప్పుడు పుల్లలు మసకగా ఉన్నాయి, పుల్లలు స్పష్టమైనప్పుడు కణాలు మసకబారాయి. అంటే అవి కళ్లె లోపల లేవు, పైన తేలుతూ ఎక్కడినుంచో వచ్చి వాలినట్టు ఉన్నాయి. మిగతావాళ్ల స్లైడులు కూడా తీశాను. కొన్నింట్లో లోపల ఉన్నాయి. చాలా వాటిల్లో పైన ఉన్నాయి.

అప్పుడు నేనొక పని చేశాను. కొత్త స్లైడు ఒకటి తీసి, దాని మీద ఎవరి కళ్లే పూయకుండా, ఉత్త గాజు మీదనే ఎర్రమందు పోసి, వేడి చేసి, తొట్టి నీళ్లతో కడిగి, యాసిడ్, నీలిరంగు అన్నీ వేసి, ఆరబెట్టి చూశాను. నీలి నేల మీద నాలుగు చోట్ల ఎర్ర పుల్లలు.

ఖాళీ గాజుకు టీబీ వచ్చింది. రిజిస్టరు తెరిచి ఆ పదకొండు పేర్లూ వేలితో లెక్కపెట్టాను. ఆయమ్మ చూసి, నీళ్లు తాగమని గ్లాసు ఇస్తే ఆ నీళ్ల వైపు చూసి వద్దన్నాను. ఏమైందని అడిగితే, పదకొండు ఇళ్లలో నేను నిప్పు పెట్టినట్టున్నాను ఆయమ్మా అన్నాను.

ఆ సాయంత్రం మా ఆయనకు సంగతి చెప్పి, శుద్ధి చేసిన నీళ్లు ఎక్కడ దొరుకుతాయని అడిగితే, బస్సు బ్యాటరీల్లో పోసేవి అవే కదా అని డిపో ఎదుటి దుకాణంలో రెండు క్యాన్లు కొనుక్కొచ్చాడు. మర్నాడు కొత్తగా మందు కలిపి, ఆ బ్యాటరీ నీళ్లతో కడిగి మరో ఖాళీ స్లైడు చేస్తే, నీలం తప్ప ఏమీ లేదు. మూడుసార్లు చేశాను. మూడుసార్లూ శుభ్రం. ఇక సందేహం లేదు. పెద్దసారు చెప్పిన దాయాదులు మా తొట్టిలో, మా రబ్బరు గొట్టంలో కాపురం పెట్టాయి.

రెండు స్లైడులూ పట్టుకుని అధికారి గదికి పోయాను. ఆయన లేచి తలుపు దగ్గరికి వేశాడు. తర్వాత నెమ్మదిగా, కోపం లేకుండానే చెప్పాడు. "చూడమ్మా, ఆ మాత్రలు మింగినంత మాత్రాన ఎవరూ చావరు. కోర్సు అయ్యాక నయమైందని రాసేద్దాం. ఇప్పుడు పోయి తప్పైందని చెబితే, రేపు నిజంగా జబ్బున్నవాడు కూడా మన మాట నమ్మడు. కేంద్రం పేరు పోతుంది, నీ ఉద్యోగం పోతుంది."

ఆయన మాటలో న్యాయం లేకపోలేదు, ఇప్పటికీ అంటాను. కానీ ఆ మాత్రలు ఉత్త బెల్లం ముక్కలు కావు, కాలేయాన్ని పట్టుకునే మందులు. అంతకుమించి, మూటతో బస్సెక్కిన ఆ పిల్ల నా కళ్లలో ఉంది. జీవితంలో ఏనాడూ అధికారి ముందు కూర్చోని మనిషిని, ఆ రోజు కూడా నిలబడే చెప్పాను. "సార్, వాళ్లు నా సంతకం సూసి మింగుతున్నరు. మీరు పోకుంటే నేనే పోయి చెప్త. ఉద్యోగం పోతే మా నాయిన చేసిన జీతం ఉండనే ఉన్నది" అన్నాను. రిజిస్టరులో ఆ పదకొండు పేర్ల పక్కనా ఎర్ర సిరాతో, నీళ్లు చెడినందున ఈ ఫలితం నమ్మదగినది కాదు, మళ్లీ చేయాలి అని రాసి, పదకొండు చోట్లా పూర్తి పేరుతో సంతకం చేశాను. ఆయన మెమో ఇచ్చాడు. తీసుకున్నట్టు దానిమీద కూడా సంతకం చేశాను.

తర్వాతి రెండు వారాలు నేనూ ఆయమ్మా సెలవు రోజుల్లో ఊళ్లు తిరిగాం. బస్సు పోయే చోట బస్సు, పోని చోట కాలినడక. ప్రతి ఇంటి ముందూ అదే మాట. నా పరీక్ష తప్పి ఉండొచ్చు, తప్పు నాదే, మీరు మాత్రలు మాత్రం అప్పుడే ఆపొద్దు, డబ్బీలో మళ్లీ కళ్లె ఇవ్వండి, తేల్చి చెబుతాను. కొందరు తిట్టారు. ఒకాయన కుక్కను ఉసిగొల్పాడు. ఆయమ్మ దాన్ని చెప్పుతో అదిలించి, "మేం దొంగతనానికి రాలేదయ్యా, తప్పు ఒప్పుకోడానికి వచ్చాం, అట్టాంటి వాళ్లను ఎప్పుడన్నా చూశావా" అని గద్దించింది. అతను కుక్కను కట్టేసి డబ్బీ తీసుకున్నాడు.

కొత్త నీళ్లతో అన్నీ మళ్లీ చేశాను. సూర్యాపేటలో ఎక్స్‌రేలు కూడా తీయించి డాక్టర్లకు చూపించాను. ఏడుగురికి జబ్బు లేదని, నలుగురికి నిజంగానే ఉందని తేలింది.

ఉన్నవాళ్లలో ఒకడు లారీ డ్రైవరు, హైవే దాబాల దగ్గర బండి ఆపుకునే మనిషి. మేం మళ్లీ కళ్లె అడిగినప్పుడే తనకు ఏమీ లేదని నమ్మేసి, మందులు ఆపేసి, బండి ఎక్కడానికి సిద్ధమైపోయాడు. నీకు జబ్బు ఉందని చెప్పేసరికి గది అదిరేటట్టు అరిచాడు.

"అప్పుడు తప్పు సెప్పినవ్. ఇప్పుడు నిజం సెప్తున్నవని ఎట్ల నమ్మాలె?"

ఈ ప్రశ్నే నాకు భయం. మా అధికారి ముందే హెచ్చరించిన ప్రశ్న ఇదే. లేచి నా కుర్చీ అతనికిచ్చి, "నన్ను నమ్మకు. నువ్వే సూడు" అన్నాను. ముందు ఖాళీ స్లైడు చూపించాను, తర్వాత అతనిది. లెన్సులో చూడటం అలవాటు లేనివాడికి మొదట తన కనురెప్పలే కనిపిస్తాయి. పావుగంట పట్టింది. చూపు కుదిరాక అతను ఒక్కొక్క పుల్లనూ లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. మధ్యలో ఆపి, "గివన్ని నా లోపలియేనా అక్కా" అని చిన్నపిల్లాడిలా అడిగాడు. అవునన్నాను. మందు కోర్సు ఒక్క రోజు తప్పకుండా పూర్తిచేశాడు. ఆ మాటకొస్తే అప్పటినుంచీ, అడిగిన ప్రతి రోగికీ వాళ్ల స్లైడు చూపించడం నాకు అలవాటైంది. రూల్సులో లేదని అన్నారు. వద్దని కూడా రూల్సులో లేదు కదా అన్నాను.

మునగాల కోడలికి జబ్బు లేదు. ఆ కబురు చెప్పడానికి చివ్వెంల అవతల ఆమె పుట్టింటికి నేనొక్కదాన్నే పోయాను. వాకిట్లో మిరపకాయల తొడిమలు తీస్తూ కూర్చుని ఉంది. నేను సంతోషపడుతుందనుకున్నాను. నా కాళ్లు పట్టుకుంటుందేమో, ఎట్లా ఆపాలి అని కూడా అనుకున్నాను, నా పిచ్చి. ఆమె విని, చేతిలోని కాయను పక్కన పెట్టి, నా ముఖంలోకి సూటిగా చూసింది.

"నువ్వు కాయితం రాస్తే ఎల్లగొట్టిన్రు. ఇప్పుడు ఇంకో కాయితం రాస్తే రమ్మంటరా అక్కా? నేను మనిషినా, కాయితాన్నా?"

తప్పు నాదే తల్లీ అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది. "నీది సగమే. నువ్వు బీమారి ఉన్నదన్నవ్, ఎల్లగొట్టమనలే గద" అంది. తర్వాత చేతులు దులుపుకుని లేచి, ఇక నేను ఎన్నటికీ మరిచిపోలేని షరతు పెట్టింది. తాను ఆ కాగితం పట్టుకుని ఆ ఇంటికి పోదట. వాళ్లే కోదాడ రావాలట. భర్త, అత్త, మామ, ముగ్గురూ ముందు డబ్బీలో కళ్లె ఊసి, పరీక్ష చేయించుకుని, శుభ్రంగా ఉన్నామని తనకు కాగితం చూపిస్తేనే, ఆ ఇంట్లో అడుగు పెడుతుందట.

నేను ఆ కబురు మోసుకుపోయి మునగాల వైపు చెప్పాను. అత్త నెత్తి కొట్టుకుని తిట్టింది. కానీ పసిదానికి తల్లి మీద బెంగతో జ్వరం రావడం మొదలైంది, ఇంటి పని గడవడం లేదు, భర్తకు ముఖం చెల్లడం లేదు. వారం తర్వాత ముగ్గురూ పిల్లను ఎత్తుకుని వచ్చారు. కోడలు కూడా పుట్టింటినుంచి వచ్చి, మా వరండాలో ఎదురుగా బల్ల మీద కూర్చుంది. బిడ్డ పరుగెత్తుకొచ్చి ఒళ్లో ఎక్కింది. ఆమె బిడ్డను వాసన చూస్తున్నట్టు జుట్టులో ముఖం పెట్టుకుని ఉండిపోయింది గానీ, అటువాళ్లతో ఒక్క మాట మాట్లాడలేదు.

తండ్రీకొడుకులకు ఏమీ లేదు. అత్తగారి స్లైడు చూసి నేను లెన్సు మీదనుంచి తల ఎత్తలేకపోయాను. కళ్లె లోపల, కణాల మధ్యన, గుత్తులుగా ఎర్ర పుల్లలు. మర్నాటి పొద్దుటి కళ్లె కూడా తెప్పించి చూశాను, ఆ తర్వాతిదీ చూశాను. పక్కన ఖాళీ స్లైడు ఒకటి, ఇద్దరి మధ్య సాక్షిలాగా, ప్రతిసారీ చేశాను. ఖాళీది శుభ్రం, ఆమెది కాదు. ఏడాదినుంచి ఉన్న దగ్గును ఆమె చుట్ట మీదికి నెట్టుకుంటూ వచ్చిందట.

అందరినీ కూర్చోబెట్టి చెప్పాను. ముసలామె ఊరుకుంటుందా. నాకు అబద్ధాలకోరు అని పేరు పెట్టింది, నా కోడలు దగ్గర ఏం తిన్నవ్ అని అడిగింది, ఒకసారి తప్పు చేసినదానివి పదిసార్లు చేస్తావంది. ఆ మాటలన్నీ పడ్డాను, పడాల్సిందే కాబట్టి. కొడుకు గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. ఆఖరికి ఆమె గొంతు బొంగురుపోయి, దగ్గు తెర వచ్చి, ఆయాసపడుతూ, తనను ఎక్కడ పడేస్తారో పడేయండి అని ఏడవడం మొదలుపెట్టింది.

అప్పుడు లేచింది ఆ పిల్ల. బిడ్డను మామకిచ్చి, అత్త ముందు నిలబడి, గట్టిగా ఏమీ అనలేదు, మామూలు గొంతుతోనే అంది.

"నాకు లేకున్నా నన్ను బయటికి తోలినవ్. నీకు ఉన్నా గూడ నిన్ను ఇంట్లనే పండవెడ్త. గోలీ మింగు అత్తమ్మా."

ఆ తర్వాత ఆరు నెలలూ, మందు ఇచ్చే రోజుల్లో, ఆ కోడలే అత్తను తీసుకొచ్చేది. మా ఎదుటే మాత్రలు వేసి, నీళ్లు తాగించి, "నోరు తెరువు, నాలిక లేపు" అని చూసి మరీ తీసుకుపోయేది. ఆ చూపులో కొంచెం కసి కూడా ఉండేదని నాకు తెలుసు. ఉండనీ. కసితో చూసినా కన్ను కన్నే. ముసలామెకు నయమైంది. ఆ ఇంట్లో తర్వాత వంట ఎవరు చేయాలి, పొలం పనికి ఎవరు పోవాలి అన్న మాట ఎవరిదో, మీరే ఊహించుకోవచ్చు.

అందరికీ ఇట్లా మంచే జరిగిందని చెబితే అబద్ధమవుతుంది. ఆ ఏడుగురిలో కోదాడ బజారులో కుట్టుమిషను పెట్టుకున్న ఒక పెద్దాయన ఉన్నాడు. జబ్బని తెలిసిన రోజునుంచి ఎవరూ అతనికి బట్టలివ్వలేదు. నేను పోయి, ఏమీ లేదని తేలింది బాబాయ్ అంటే, "సంతోషం అమ్మా, ఆ మాట మీరే బజారంతా చెప్పండి" అన్నాడు. చెప్పాను. నేనూ ఆయమ్మా దుకాణం దుకాణానికీ చెప్పాం. తల ఊపారు, బట్టలు మాత్రం వేరేచోట ఇచ్చారు. ఆయన మిషను ఎత్తుకుని కొడుకు దగ్గరికి హైదరాబాద్ వెళ్లిపోయాడు. నేను కుట్టించుకోవడానికిచ్చిన రెండు జాకెట్లు ఆయన చివరి పని.

తొట్టి నీళ్లను పెద్దసారు సాయంతో హైదరాబాద్ పెద్ద ల్యాబుకు పంపించాం. అక్కడ క్రిములను పెంచి చూసి, ఇవి క్షయ కాదు, నీళ్లలో ఉండే దాని జాతివి అని జవాబు పంపేసరికి రెండు నెలలు దాటింది. ముసలామె కోర్సు ముగిసిన నెలలోనే నన్ను మఠంపల్లి వైపు బదిలీ చేశారు. కారణం రాయలేదు. సూర్యాపేటనుంచి పోయి రావడానికి పొద్దున పూట మొదటి బస్సు దొరకాలి, మధ్యలో బస్సు మారాలి. అక్కడ సున్నపురాయి దుమ్ము, సిమెంటు దుమ్ము, దగ్గేవాళ్లు ఊరినిండా, మైక్రోస్కోపు మాత్రం బీరువాలో తాళం వేసి ఉంది. తాళంచెవి లేదన్నారు. కమ్మరి దగ్గరికి పోయి తాళం తీయించాను. ఇది శిక్ష అనుకున్నవాళ్లు అనుకోనీ, దగ్గేవాళ్లు ఎక్కువున్న చోటికి నన్ను పంపడం వాళ్లు తెలియక చేసిన మంచి. ఎక్కడ పనిచేసినా, రోజూ పొద్దున మొదట ఖాళీ స్లైడు ఒకటి వేసి చూడకుండా రోగి స్లైడు ముట్టలేదు. నన్ను చూసి నవ్విన వాళ్లే కొన్నాళ్లకు తామూ వేయడం మొదలుపెట్టారు.

ఇప్పుడు కాలం మారింది, మంచికే మారింది. టీబీ ఏదో, దాని దాయాది ఏదో, ఏ మందుకు లొంగదో కూడా ఆ యంత్రం రెండు గంటల్లో చెప్పేస్తుంటే, నాకు అసూయ కలగదు, ఇది అప్పుడే ఉంటే ఆ కుట్టుమిషను పెద్దాయన తన బజారులోనే ఉండేవాడు కదా అని ప్రాణం ఉసూరుమంటుంది. కానీ మా తోడికోడలితో కూర్చున్న ఆ రెండు గంటల్లో, కొంగు ముఖం మీదికి లాక్కుని వచ్చిన ఆడవాళ్లను ముగ్గురిని చూశాను. ఇంట్లో చెప్పొద్దు మేడం అనే గొంతు అదే, ఏమీ మారలేదు. మారిందల్లా ఒక్కటే. ఫలితం ఇప్పుడు ఫోనులోకి వస్తుంది. కాగితం తెచ్చి చేతిలో పెట్టే మనిషి లేదు. ఇది తప్పైతే ఎట్లా అని నిలదీయడానికి, కోపం వస్తే అరవడానికి, నమ్మకపోతే కుర్చీ ఇచ్చి నువ్వే చూడు అనడానికి, ఎదురుగా ఒక మనిషి ఉండాలి. పాతికేళ్లు ఆ మనిషిని నేను. తిట్లు పడ్డాను, మెమోలు తీసుకున్నాను, బస్సులో పక్క సీటు ఖాళీగా పెట్టుకుని తిరిగాను, కానీ ఆ కిటికీ మాత్రం ఏనాడూ మూయలేదు.